ఐలమ్మకు రైతుబంధు వచ్చేదా?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. వినగానే కొంచెం విచిత్రంగా అనిపిస్తుంది, అయినా కాసేపు నాతో ఉండండి. చాకలి ఐలమ్మ 2018లో బతికి ఉండి, పాలకుర్తిలో అదే పొలం అదే పద్ధతిలో సాగు చేసుకుంటూ ఉంటే, ఆమెకు రైతుబంధు చెక్కు వచ్చేదా?

జవాబు ఇప్పుడే చెప్పను. ముందు మీరు మనసులో ఒక జవాబు అనుకోండి. చివరికి వచ్చేసరికి అది మారిందో లేదో చూసుకుందాం.

నాది నెక్కొండ. బీటెక్ చేసి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నానని మన రెగ్యులర్ వాళ్లకు తెలుసు. అసమానత మీద ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడిగారు. రూసో ఏమన్నాడు, అంబేడ్కర్ ఏమన్నారు, అమర్త్య సేన్ ఏమన్నారు, వరసగా చెప్పమన్నారు. అట్లా చెప్పుకుంటూ పోతే అది పరీక్షకు చదివే గైడ్ అవుతుంది. అందుకే వాళ్లందర్నీ మన ఉమ్మడి వరంగల్ జిల్లాకు తీసుకొచ్చి, మన పొలం గట్టు మీద నిలబెట్టి అడుగుదాం. వాళ్లు చెప్పింది ఇక్కడ పనికొస్తుందా లేదా అని.

ముందు మ్యాప్ చూడండి. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో వరంగల్ దాటాక, కేసముద్రం కంటే ముందు వచ్చే స్టేషన్ నెక్కొండ. ఈ లైను నిజాం కాలం నాటిది, 1889లో బెజవాడ దాకా చేరింది. నర్సంపేట మాకు దగ్గరి టౌను. ఆ పక్కనే లక్నేపల్లి, పీవీ నరసింహారావు గారు పుట్టిన ఊరు. ఇటు పడమర వైపు పోతే పాలకుర్తి, విసునూరు, కడవెండి. ఇప్పుడు అవన్నీ జనగామ జిల్లాలో ఉన్నాయి. ఈ ఊళ్ల పేర్లు గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

హైదరాబాద్ సంస్థానంలో భూమి ఎవరి చేతిలో ఉండేది? పుచ్చలపల్లి సుందరయ్య గారి లెక్క ప్రకారం మొత్తం భూమిలో దాదాపు 60 శాతం దివానీ, అంటే ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే భూమి. దాదాపు 30 శాతం జాగీర్దార్లది. మిగిలిన 10 శాతం నిజాం సొంత ఖర్చుల కింద ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్. మన కథ నడిచేది ఎక్కువగా దివానీ ఊళ్లలో. రాజుగారి సొంతం కాదు, జాగీరూ కాదు. మరి అక్కడ ఒక్కో మనిషి చేతికి వేల ఎకరాలు ఎట్లా వచ్చాయి?

ఇక్కడ ఒక పాత అధికారి కథ తెలియాలి. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యాడు. అంతకుముందు శిస్తు వసూలు గుత్తకు ఇచ్చేవాళ్లు. దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు మధ్యలో నిలబడి రైతు దగ్గర వసూలు చేసి సర్కారుకు కట్టేవాళ్లు. సాలార్‌జంగ్ దీన్ని ఎత్తేసి, జిల్లాలు పెట్టి, జీతం తీసుకునే ఉద్యోగులను పెట్టాడు. పని పోయిన దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా వసూలులో వాటాలు, వతనులు ఇచ్చారు. పైకి చూస్తే మంచి సంస్కరణే. తర్వాత భూముల సర్వే, సెటిల్‌మెంట్ జరిగాయి. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎంత శిస్తు అని రాసే పని మొదలైంది. ఆ రాతలో ఊళ్లో అనుభవం ఎవరికుంది? పాత లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి? దేశ్‌ముఖ్ దగ్గరే, ఆయన చెప్పినట్టు నడుచుకునే పట్వారీ దగ్గరే.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తాను, తొందరగా అర్థమవుతుంది. రెవెన్యూ రికార్డు అంటే ఒక డేటాబేస్. అందులో రాసే పర్మిషన్, అంటే రైట్ యాక్సెస్, ఇద్దరు ముగ్గురికే ఉంది. తరతరాలుగా దున్నుతున్న రైతుకు చదివే పర్మిషన్ కూడా లేదు. ఎందుకంటే రికార్డు ఉర్దూలో ఉండేది, రైతుకు తెలుగు అక్షరాలే రావు. అట్లా మంచి మంచి భూములు దేశ్‌ముఖ్‌ల పేరుమీదకు ఎక్కాయి. నిన్నటిదాకా తన చెలక అనుకున్న మనిషి, తెల్లారేసరికి ఎప్పుడు లేచిపొమ్మంటే అప్పుడు పోవాల్సిన కౌలుదారు అయ్యాడు. మిగిలిన రైతుల భూములు అప్పుల్లో పోయాయి. ఆకలి రోజుల్లో గింజలు అప్పిచ్చి, పంటకు ఒకటికి ఒకటిన్నర కొలుచుకునే నాగువడ్డీ ఉండేది. 1930ల మాంద్యంలో పంటల ధరలు పడిపోయినా శిస్తు మాత్రం పైసల్లోనే కట్టాలి. తట్టుకోలేక వదులుకున్న భూములు ఎన్నో.

ఇప్పుడు రూసోను పిలుద్దాం. 1755లో ఆయన అసమానత పుట్టుక మీద ఒక పుస్తకం రాశాడు. అందులో వాదన ఏంటంటే, మొదట ఎవడో ఒకడు కొంత నేల చుట్టూ కంచె కట్టి "ఇది నాది" అన్నాడు, చుట్టూ ఉన్న అమాయకులు నమ్మారు, అక్కడి నుంచే ఈ కథంతా మొదలైంది అని. ఇది వినడానికి బాగుంటుంది, కానీ మన దగ్గర కంచె అవసరమే పడలేదు. తెలంగాణలో చెలకలకు ఎక్కడ కంచె ఉంది? ఇక్కడ కంచె పని కాగితం చేసింది. ఇంకో తేడా కూడా ఉంది. రూసో కథలో జనం నమ్మారు. మన కథలో జనాన్ని ఎవరూ అడగలేదు, వాళ్లకు తెలిసేసరికి రాత అయిపోయింది.

రూసో కంటే ముందు, 17వ శతాబ్దం చివర్లో జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఆస్తికి ఒక కారణం చెప్పాడు. దేవుడు భూమిని అందరికీ ఇచ్చాడు, అందులో నీ శ్రమ కలిపితే అది నీదవుతుంది అన్నాడు. ఆగండి, ఇది మనం ఎక్కడో విన్నట్టు లేదూ? దున్నేవాడికే భూమి అన్న నినాదానికి చాలా దగ్గరగా ఉంది. కానీ లాక్ అక్కడే ఇంకో మాట కలిపాడు. నా నౌకరు కోసిన గడ్డి కూడా నా ఆస్తే అన్నాడు. అంటే నౌకరు చెమట యజమాని ఖాతాలో పడుతుంది! ఈ ఒక్క మాటతో ఆ సిద్ధాంతం రైతు చేతిలో నుంచి దొర చేతిలోకి పోతుంది. వెట్టిచాకిరీ సరిగ్గా ఈ లెక్కే. నీ శ్రమ, ఆయన ఆస్తి.

వెట్టి గురించి పాఠ్యపుస్తకంలో రెండు లైన్లు ఉంటాయి, "కూలి ఇవ్వకుండా పని చేయించుకునేవారు" అని. అసలు దాని నిర్మాణం చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చాకలి బట్టలు ఉతకాలి, గడీలో అంట్లు తోమాలి. మంగలి క్షవరం చేయాలి, రాత్రి కాళ్లు పిసకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. గొల్లవాళ్లు మందలోంచి గొర్రెను ఇవ్వాలి. మాదిగవాళ్లు చెప్పులు, మోటకు తోలు సామాను చేసి ఇవ్వాలి. మాల మాదిగ ఇళ్ల నుంచి మనిషి వంతు ప్రకారం పోయి కబుర్లు, మూటలు మోయాలి. కోమటి సరుకులు ఇవ్వాలి. భూమి ఉన్న రైతు సైతం ముందు దొర పొలం దున్ని, దొర పొలానికి నీళ్లు పారించి, ఆ తర్వాతే తన పొలానికి రావాలి. ఆడవాళ్ల మీద జరిగినవి నేను ఇక్కడ వివరంగా చెప్పను, మీకు తెలుసు.

1923లోనే నిజాం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చాడు. 1936లో భగేలా ఒప్పందాల మీద, అంటే అప్పు కింద ఏళ్ల తరబడి జీతముండే పద్ధతి మీద, చట్టం తెచ్చారు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టి మీద చిన్న పుస్తకాలు వేసి ఊళ్లకు పంపింది. అయినా ఇరవై ఏళ్ల తర్వాత కూడా వెట్టి నడుస్తూనే ఉంది. నిషేధం హైదరాబాద్‌లో కాగితం మీద ఉంది, ఊళ్లో దాన్ని అమలు చేయాల్సింది పట్వారీ, పోలీస్ పటేల్. వాళ్లిద్దరూ సాయంత్రం కూర్చునేది ఎక్కడ? గడీలో.

సరే, ఇంతమంది మీద ఒక్క కుటుంబం ఎట్లా పెత్తనం చేసింది? జనమంతా ఒక్కరోజు తిరగబడితే అయిపోతుంది కదా అని మనకు అనిపిస్తుంది. ఇక్కడ అంబేడ్కర్ చెప్పిన ఒక మాట పనికొస్తుంది. మన దేశంలో ఉన్నది మామూలు అసమానత కాదు, మెట్ల అసమానత అంటారు ఆయన. పైన ఒక వర్గం, కింద ఒక వర్గం అని రెండే ఉంటే కిందివాళ్లంతా ఒకటవుతారు. మెట్లు ఉన్నప్పుడు ప్రతి మెట్టు మీదివాడికి తన కింద ఇంకొకడు కనిపిస్తాడు. అట్టడుగు మెట్టు తప్ప మిగతా అందరికీ పోగొట్టుకునేది ఏదో ఒకటి ఉంటుంది. వెట్టి జాబితాను మళ్లీ ఒకసారి చూడండి. అందరూ వెట్టి చేస్తున్నారు, కానీ ఒక్కొక్కరిది ఒక్కో రకం. రైతుది ఒక పూట వెట్టి, మాదిగ ఇంటిది పుట్టినప్పటి నుంచి పోయేదాకా వెట్టి. బాధ ఒకటే అని ఇద్దరికీ అనిపించనివ్వని ఏర్పాటు అది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఇంకో కోణం చెప్తాడు. పెత్తనం ఒక్క డబ్బుతో రాదు. సంపద ఒకటి, సమాజంలో గౌరవం ఒకటి, అధికారం ఒకటి. ఈ మూడూ వేర్వేరు, ఒకటి ఉన్నంత మాత్రాన మిగతావి ఉండాలని లేదు అంటాడు. పట్నంలో నిజమే. డబ్బున్న వ్యాపారికి గౌరవం లేకపోవచ్చు, గౌరవమున్న పంతులుకు డబ్బు లేకపోవచ్చు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి విషయంలో మూడూ ఒకే మనిషి. నలభై ఊళ్లలో నలభై వేల ఎకరాలు అని సుందరయ్య గారు రాశారు, అది సంపద. "బాంచన్ దొరా, కాల్మొక్త" అనేది గౌరవం పేరుతో పిండుకున్నది. పట్వారీ నుంచి అమీను దాకా చెప్పుచేతల్లో ఉండటం అధికారం. ఒక దాని మీద ఫిర్యాదు చేయాలంటే ఇంకోదాని దగ్గరికి పోవాలి, అక్కడ కూడా ఆయనే.

ఇప్పుడు ఐలమ్మ దగ్గరికి వద్దాం. అసలు పేరు చిట్యాల ఐలమ్మ. చాకలి కులం. పాలకుర్తిలో మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని సాగు చేసింది. ఈ "కౌలు" అన్న మాట పట్టుకోండి, మళ్లీ వస్తాం. వెట్టి చేయాల్సిన కులంలో పుట్టిన ఆడమనిషి సొంతంగా సేద్యం చేసుకోవడమే ఊరి పెద్దలకు మింగుడుపడలేదు. పట్వారీ తన పొలంలో పనికి రమ్మంటే రానన్నది. ఆంధ్ర మహాసభలో చేరింది. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి నాయకత్వంలోకి వచ్చాక మహాసభ ఊళ్లలో "సంఘం" అయింది, ఆమె ఇల్లు సంఘం ఇల్లు అయింది. దేశ్‌ముఖ్ ఆ భూమి తనదన్నాడు. పంట కోతకొచ్చినప్పుడు మనుషులను పంపాడు. సంఘం వాళ్లు వచ్చి వాళ్లను తరిమి, పంట కోసి ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆమె కోర్టులో కూడా పోరాడింది. ఇల్లు తగలబెట్టారు, కొడుకులను జైల్లో పెట్టారు, అయినా భూమి విడవలేదు.

ఆ తర్వాత 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. దాని రాజకీయాలు, తప్పొప్పులు పెద్ద చర్చ, అది వేరే ఎపిసోడ్. నేను ఒక్క విషయం మీదే మీ దృష్టి పెట్టమంటాను. జనం గడీల మీద పడ్డప్పుడు ధాన్యం పంచుకున్నారు, దాంతోపాటు అప్పు పత్రాలు, దస్తావేజులు కుప్పపోసి తగలబెట్టారు. చదువు రాని జనానికి ఆ కాగితాలతో పనేంటి అని అడగొచ్చు. తమ బతుకు ఎక్కడ రాసి ఉందో వాళ్లకు బాగా తెలుసు. అంబేడ్కర్ చెప్పిన మెట్లు కూడా ఆ కొన్నేళ్లు కొంచెం వదులయ్యాయి. చాకలి ఐలమ్మ, కురుమ కొమరయ్య, రెడ్డి కుటుంబంలో పుట్టిన రావి నారాయణరెడ్డి ఒకే సంఘంలో ఉన్నారు.

1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం ముగిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు. ఇదే సమయంలో ఢిల్లీలో రాజ్యాంగ సభ చివరి రోజులు నడుస్తున్నాయి. నవంబర్ 25న అంబేడ్కర్ తన ప్రసంగంలో ఒక హెచ్చరిక చేశారు. రాజకీయాల్లో మనమంతా సమానం అవుతాం, సామాజిక ఆర్థిక జీవితంలో మాత్రం అసమానంగానే మిగులుతాం, ఈ వైరుధ్యాన్ని తొందరగా తొలగించకపోతే కట్టుకున్న ప్రజాస్వామ్యమే కూలుతుంది అన్నది దాని సారాంశం. మా దగ్గర ఆ వైరుధ్యం ఎట్లా కనిపించిందో చెప్తాను. దొరకు ఒక ఓటు, జీతగానికి ఒక ఓటు. కానీ జీతగాని పేరు ఓటరు లిస్టులో ఎక్కింది, పహాణీలో ఎక్కలేదు.

అది ఎక్కించడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుదార్లను గుర్తించి "రక్షిత కౌలుదారు" అని పేరు రాశారు. ఆ తర్వాత సవరణతో వచ్చిన 38-ఇ సెక్షన్ ఆ రక్షిత కౌలుదారుకు యాజమాన్య హక్కే ఇచ్చింది. మన దగ్గర ఇవాళ్టికీ భూమి గొడవ వస్తే లాయర్లు 1954-55 ఖాస్రా పహాణీ తెమ్మంటారు, అందులో ఎవరి పేరుందో చూడటానికి. చట్టం గట్టిదే. అది గట్టిది కాబట్టే పట్టాదార్లు జాగ్రత్తపడ్డారు. కొందరు కౌలుదార్లను ముందే ఖాళీ చేయించారు, కొందరు "స్వచ్ఛందంగా వదులుకున్నా" అని వేలిముద్రలు వేయించుకున్నారు.

తర్వాత మా లక్నేపల్లిలో పుట్టిన పీవీ గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూపరిమితి చట్టం తయారైంది. 1973లో 1వ నంబరు చట్టం అది. తరి అయితే రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కీ అయితే 35 నుంచి 54 ఎకరాలు, అంతకు మించి ఒక కుటుంబానికి ఉండొద్దు. ఆ జనవరిలోనే ఆయన పదవి పోయింది, జై ఆంధ్ర ఉద్యమం మధ్యలో రాష్ట్రపతి పాలన వచ్చింది. భూస్వాములకు ఆయన మీద ఉన్న కోపంలో ఈ చట్టం వాటా చిన్నది కాదు. చట్టం అమలు మొదలైంది 1975 జనవరి 1న. ఈలోపు కుటుంబాలు కాగితం మీద విడిపోయాయి, చుట్టాల పేర్ల మీద, జీతగాళ్ల పేర్ల మీద భూములు ఎక్కాయి. చూడండి, ఈసారి జీతగాని పేరు పహాణీలోకి ఎక్కింది, పాపం ఆ సంగతి చాలామంది జీతగాళ్లకే తెలియదు! 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థనే రద్దు చేసింది. వంశపారంపర్యంగా ఒకే ఇంట్లో ఉన్న కలం అప్పుడు సర్కారు ఉద్యోగి చేతికి వచ్చింది.

ఈ మధ్యలో ఊళ్లు మారాయి. దొరలు భూములు అమ్ముకుని హన్మకొండకు, హైదరాబాద్‌కు పోయారు. భూమి ప్లాట్లు అయింది, కాంట్రాక్టులు అయింది, సినిమా హాళ్లు అయింది, పిల్లల చదువులు అయింది. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియెర్ బోర్దియూ దీన్ని ఒక రకం పెట్టుబడి ఇంకో రకంగా మారడం అంటాడు. రూపాయి నోటు డాలర్ అయినట్టే ఇదీ. ఊళ్లో భూమిని కొన్నది ఎవరు? మధ్యతరగతి రైతులు, చిన్న ఉద్యోగులు, గల్ఫ్ పోయొచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలు చదువుకుని ఊరు వదిలారు, మాలాంటివాళ్లం. భూమి మా పేరుమీద ఉంది, దున్నేది ఇంకొకరు.

ఇప్పుడు 2018. మే 10న రైతుబంధు మొదలైంది. ఎకరానికి, పంటకు 4,000 రూపాయలు. తర్వాత 5,000 అయింది. దళారీ లేడు, లంచం లేదు, నేరుగా చెక్కు, తర్వాత నేరుగా ఖాతాలో. రైతుకు పెట్టుబడి ముందే ఇవ్వడం అన్న ఆలోచన మంచిదే, చాలామంది వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా ఆగారు. దాన్ని తక్కువ చేయను.

మా ఇంటికి కూడా చెక్కు వచ్చింది. మూడెకరాలు, 12,000 రూపాయలు, నాన్న పేరు మీద. ఆ మూడెకరాల్లో పత్తి పెట్టేది మా ఊరాయనే ఒకాయన, నేను మామా అని పిలుస్తాను. కౌలు ముందే కట్టి, విత్తనాలు, మందు బస్తాలు అప్పుకు తెచ్చి, వాన కోసం చూసేది ఆయన. చెక్కుల రోజు ఆయన కూడా మాతో పాటే వచ్చాడు, మండుటెండలో నాన్నను బండి మీద దింపడానికి. లైన్లో ఎవరో "నీకెన్ని ఎకరాలే?" అని అడిగితే, "నేను చేసేది ఎనిమిది, నాకొచ్చేది సున్నా" అని నవ్వాడు. కోపంగా ఏం అనలేదు. నాన్న ఆ పంటకు కౌలులో కొంత తగ్గించాడు. అది మా ఇంటి సంగతి, ప్రతి ఇంట్లో అట్లా జరగాలని రూలేం లేదు కదా.

1979లో అమర్త్య సేన్ ఒక ప్రసంగం చేశారు. దాని పేరే ఒక ప్రశ్న, సమానత్వం సరే, దేనిలో సమానత్వం? ప్రపంచంలో ఏ సిద్ధాంతం తీసుకున్నా అది ఏదో ఒకదాంట్లో అందర్నీ సమానంగానే చూస్తుంది, అది ఏంటన్నదే అసలు తేడా అంటారు ఆయన. ఈ గీటురాయి మీద రైతుబంధును గీసి చూడండి. అక్కడ సమానత్వం ఉంది, వంద శాతం ఉంది. కానీ అది ఎకరాల మధ్య. ప్రతి ఎకరానికీ సమానం, ఏ ఎకరానికీ అన్యాయం జరగలేదు! మనుషుల లెక్కకు వస్తే రెండెకరాల రైతుకు పంటకు 8,000, నలభై ఎకరాల ఆసామికి 1,60,000, ఎనిమిది ఎకరాలు దున్నే కౌలు రైతుకు సున్నా. ఎకరం ఆకలితో పడుకోదు, అప్పు చేయదు, దానికి పిల్లలు లేరు. లెక్క మాత్రం దాని పేరుతోనే కట్టారు.

ఇది ఒక్క స్కీముతో ఆగదు. అదే ఏడాది ఆగస్టు 15న రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు. రైతు అంటే ఎవరు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడు. కౌలుకు ఎనిమిది ఎకరాలు చేసి, పంట పోయి, అప్పుల్లో ప్రాణం తీసుకున్న మనిషి ఆ నిర్వచనంలో రైతే కాడు. బ్యాంకు పంట రుణం, రుణమాఫీ, పంట నష్టపరిహారం, అన్నీ ఆ పుస్తకం చుట్టూనే. ఇంకో సంగతి. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది, భూమి ఎవరి పేరున ఉన్నా కాస్తులో ఉన్నది ఎవరో రాయడానికి. రికార్డుల ప్రక్షాళన తర్వాత వచ్చిన కొత్త రికార్డులో ఆ కాలమ్ తీసేశారు. డేటాబేస్ తెలిసినవాళ్లకు దీని అర్థం నేను వేరే చెప్పక్కర్లేదు. కాలమే లేకపోతే ఆ మనిషి వివరం ఖాళీగా ఉందని కూడా ఎవరికీ కనిపించదు.

రెండో వైపు కూడా వినాలి. మా నాన్న లాంటి వాళ్లు ఏమంటారు? "ఈ భూమి నాకు దొర ఇనాం ఇయ్యలేదు, ముప్పై ఏండ్లు నౌకరి చేసి కొన్న. ఒక్కసారి కౌలుదారు పేరు కాగితం మీద ఎక్కితే రేపు భూమి పోదని ఏంది గ్యారంటీ?" ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 38-ఇ జ్ఞాపకం ఊళ్లో ఇంకా ఉంది. కౌలుదారును కాపాడటానికి తెచ్చిన చట్టమే, కౌలుదారు పేరు ఎక్కడా రాయకుండా దాచడానికి కారణమైంది. అందుకే కౌలు అంతా నోటిమాట మీద నడుస్తుంది, కొందరు ఏడాదికో కౌలుదారును మారుస్తారు.

అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నాజిక్ నాన్న పక్షమే మాట్లాడతాడు. 1974లో రాసిన పుస్తకంలో, న్యాయంగా సంపాదించి న్యాయంగా చేతులు మారిన ఆస్తిని పంచమనే హక్కు ప్రభుత్వానికి లేదంటాడు. అయితే ఆయన పెట్టిన షరతులు మూడు. మొదటి సంపాదన న్యాయంగా ఉండాలి, బదిలీ న్యాయంగా ఉండాలి, ఈ రెంటిలో అన్యాయం జరిగి ఉంటే దాన్ని సరిదిద్దాలి. బదిలీ విషయంలో నాన్నది నూటికి నూరు పాళ్లు న్యాయం. కానీ గొలుసు పట్టుకుని వెనక్కి పోతే, మన జిల్లాలో చాలా సర్వే నంబర్లు ఎక్కడికి చేరతాయి? దేశ్‌ముఖ్ చెప్తే పట్వారీ రాసిన ఒక గీత దగ్గరికి. అంటే పంపకాన్ని అందరికంటే గట్టిగా వ్యతిరేకించే తత్వవేత్త లెక్కలో కూడా మనకు తీర్చాల్సిన బాకీ ఒకటి మిగిలే ఉంది.

ఆ బాకీ నాన్న భూమి లాక్కుని తీర్చమని నేను అనడం లేదు. నేను అడిగేది చాలా చిన్నది. యాజమాన్యం ఒక కాలమ్, సాగు ఒక కాలమ్. ఈ రెండూ వేరని చట్టం గట్టిగా హామీ ఇస్తే, భూమి పోతుందన్న భయం లేకుండా సాగుదారు పేరు రాయొచ్చు. ఇది కొత్త ఆలోచన కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి 11 నెలల కార్డు ఇచ్చారు, యాజమాన్య హక్కుకు దానితో సంబంధం లేదని అందులోనే రాశారు. అక్కడ చిక్కు ఎక్కడొచ్చిందంటే, కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. మళ్లీ మొదటికే వచ్చాం చూడండి. పేరు రాసే పర్మిషన్ ఇంకా పట్టాదారు దగ్గరే ఉంది.

2025 జనవరి 26న మన రాష్ట్రంలో రైతుభరోసా పేరుతో సాయం ఎకరానికి ఏడాదికి 12,000 అయింది. దాంతోపాటు భూమి లేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే పథకం కూడా మొదలుపెట్టారు. ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఎకరాన్ని వదిలేసి కుటుంబాన్ని లెక్కలోకి తీసుకున్నారు. రాసుకునే పట్టికలో ఇంకో వరుస చేరింది. కానీ మా మామ లాంటి వాళ్లు అటు పట్టాదారు కారు, ఎకరం అరెకరం సొంతం ఉన్నవాళ్లు ఇటు భూమి లేని కూలీ కూడా కారు. మధ్యలో ఇరుక్కున్నారు.

ఇక మొదటి ప్రశ్న. ఐలమ్మకు రైతుబంధు వచ్చేదా? ఆమె సాగు చేసింది కౌలు భూమి. పాసుపుస్తకం ఆమె పేరున ఉండేది కాదు. కాబట్టి వచ్చేది కాదు. చెక్కు మల్లంపల్లి దొర పేరుమీద పోయేది. పంట మీద పడ్డ మనుషులను తరిమిన మనిషి, కొత్త రికార్డు ప్రకారం రైతే కాదు. 2024 సెప్టెంబర్‌లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, నాకు సంతోషమే. యూనివర్సిటీ బోర్డు మీద ఎక్కిన ఆ పేరుకు, ప్రక్షాళన తర్వాత వచ్చిన రికార్డులో ఎక్కడానికి మాత్రం గడి లేకుండా పోయింది.

మీకు ఒక పని చెప్తాను. ఊళ్లో మీకు భూమి ఉంటే, ఈసారి పోయినప్పుడు అది ఎవరు దున్నుతున్నారో, కౌలు ఎంత కడుతున్నారో, పోయిన పంటకు మిగిలిందెంతో కూర్చుని అడగండి. మీరే కౌలు రైతు అయితే, ఏ కాగితం దగ్గర మీ పని ఆగిందో కామెంట్లలో రాయండి. మండలం పేరు రాస్తే చాలు, మనుషుల పేర్లు వద్దు. వాటన్నిటినీ కలిపి ఒక ఎపిసోడ్ చేద్దామని ఉంది.

వచ్చే వారం ఇదే కథలో మనం ముట్టుకోని ముక్క, ఆడవాళ్ల పేరు మీద భూమి.